రెడ్ కార్నర్ నోటీసు వచ్చింది, మనిషి రాలేదు: సరిహద్దు దాటిన కేసు ఎలా నడుస్తుంది?

“నిందితుడు విదేశాల్లో ఉన్నాడు. ఇంటర్‌పోల్ సాయంతో రప్పిస్తాం.” హైదరాబాద్‌లో పెద్ద మోసం ఏది బయటపడినా ప్రెస్‌మీట్‌లో ఈ మాట ఉండాల్సిందే. మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. ఏడాది గడుస్తుంది, మూడేళ్లు గడుస్తాయి, మనిషి మాత్రం రాడు. బాధితులు స్టేషన్ చుట్టూ తిరుగుతారు. స్టేషన్‌లో ‘ఢిల్లీలో పెండింగ్’ అంటారు. ఢిల్లీలో ఏ ఆఫీసులో, ఏ కాగితం, ఎందుకు ఆగిందని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇంటర్‌పోల్‌కు అరెస్టులు చేసే పోలీసులు లేరు. 1923లో వియన్నాలో పుట్టి, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి నడుస్తున్న ఆ సంస్థ, 196 దేశాల పోలీసులు ఒకరికొకరు కబురు పంపుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. బేడీలు వేసేది ఎప్పుడూ ఆయా దేశపు పోలీసే, అక్కడి చట్టం ప్రకారమే. మన ఇన్‌స్పెక్టర్ దుబాయ్‌లో దిగినా, బ్యాంకాక్‌లో దిగినా అక్కడ అతనికి ఎవరినీ ప్రశ్నించే అధికారం ఉండదు. ఆ దేశం ఒప్పుకుంటే పక్కన కూర్చుంటాడు, అంతే.

సరిహద్దు దాటిన కేసులో నిజానికి నాలుగు పనులుంటాయి. డబ్బును ఆపడం, సమాచారం తెచ్చుకోవడం, కోర్టులో నిలిచే సాక్ష్యం తెచ్చుకోవడం, మనిషిని తెచ్చుకోవడం. నాలుగింటికీ దారులు వేరు, ఆఫీసులు వేరు. మొదటిది గంటల్లో తేలిపోవాలి, చివరిదానికి ఏళ్లు పడుతుంది. ఒక దారిలో పోవాల్సిన కాగితం ఇంకో దారిలో పెట్టడం వల్ల పాడయ్యే కేసులు, అవతలి దేశం మొండికేయడం వల్ల పాడయ్యే వాటికంటే తక్కువేం కాదు.

డబ్బు: గంటల లెక్క

కూకట్‌పల్లిలో ఉండే రిటైర్డ్ ఇంజినీరు ఒకాయన్ని ఊహించుకుందాం. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ‘ట్రేడింగ్ నిపుణుల’ మాట నమ్మి, వాళ్లిచ్చిన యాప్‌లో 38 లక్షలు పెట్టాడు. యాప్‌లో లాభం కోటి దాకా కనబడుతోంది, తీసుకోబోతే ‘ముందు ట్యాక్స్ కట్టండి’ అంటున్నారు. అప్పుడు అర్థమైంది.

ఆ 38 లక్షలు ఈలోపు ఏమయ్యాయి? మొదట ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక చిన్న దుకాణదారు పేరున ఉన్న కరెంట్ అకౌంట్‌లో పడ్డాయి. కమీషన్ కోసం అకౌంట్ అద్దెకిచ్చిన మనిషి అతను. సైబర్ పోలీసుల భాషలో అది మ్యూల్ అకౌంట్. నిమిషాల్లో అక్కడి నుంచి ఎనిమిది, పది అకౌంట్లకు చీలాయి. కొంత ఏటీఎంలలో, కొంత చెక్కుల మీద నగదుగా బయటికొచ్చింది. మిగతాది క్రిప్టో అమ్మేవాడి అకౌంట్‌కు వెళ్లి యూఎస్‌డీటీగా, అంటే డాలరు విలువకు కట్టిన క్రిప్టోగా మారింది. ఒకసారి అలా మారాక ఏ బ్యాంకూ, ఏ కస్టమ్స్ అధికారీ చూడకుండానే డబ్బు దేశం దాటేసినట్టు.

అందుకే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం అన్నిటికన్నా ముందు. ఎఫ్‌ఐఆర్ తర్వాతైనా నమోదవుతుంది. ఆ ఫోన్‌తో నడిచే వ్యవస్థ డబ్బు వెళ్లిన బ్యాంకుకు హెచ్చరిక పంపుతుంది. ఆ అకౌంట్‌లో మిగిలింది హోల్డ్‌లో పడుతుంది, ముందుకు పోయింది ఉంటే హెచ్చరిక తర్వాతి బ్యాంకుకు పోతుంది. ఇక్కడ పనికొచ్చేది బాధితుడి ఆవేదన కాదు, లావాదేవీ నంబరు. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్. దాన్ని స్క్రీన్‌షాట్‌లో సగం కోసేసి పంపితే, ఒక అంకె తప్పు చెబితే, హెచ్చరిక ఎక్కడికీ చేరదు. క్రిప్టోలో పంపి ఉంటే వాలెట్ చిరునామా, లావాదేవీ హ్యాష్ కావాలి. ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో చిరునామా ‘టి’తో మొదలై 34 అక్షరాలుంటుంది, హ్యాష్ 64 అక్షరాలు. వాటిని చేత్తో రాసి ఇవ్వకూడదు. యాప్ నుంచి కాపీ చేసి ఇవ్వాలి, ఎందుకంటే అందులో పెద్ద ‘బి’ వేరు, చిన్న ‘బి’ వేరు.

క్రిప్టోగా మారిందంటే అంతా పోయిందని కాదు. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్ సంస్థ, పోలీసు శాఖలు అడిగినప్పుడు ఒక చిరునామాలో ఉన్న నిల్వను కదలకుండా ఆపగలదు. డబ్బు ఏదైనా పెద్ద ఎక్స్ఛేంజీలోకి వెళితే అక్కడ కేవైసీ ఉంటుంది. 2023 మార్చి నుంచి క్రిప్టో వ్యాపారం మన మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చింది. భారత్‌లో వ్యాపారం చేసే ఎక్స్ఛేంజీలు కేంద్ర ఆర్థిక శాఖ కిందున్న ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. అలా నమోదైన సంస్థకు మన పోలీసు నోటీసు నేరుగా వెళుతుంది.

బ్యాంకు నుంచి బ్యాంకుకే విదేశానికి వెళ్లిన డబ్బుకు ఇంటర్‌పోల్ 2022లో ఐ-గ్రిప్ అనే ఏర్పాటు తెచ్చింది, డబ్బు ఆపమని దేశాల పోలీసులు ఒకరికొకరు వెంటనే చెప్పుకోవడానికి. అది పనిచేస్తే ఎలా ఉంటుందో 2024 జులైలో సింగపూర్ చూపించింది. ఒక కంపెనీకి సరఫరాదారు పేరుతో ఈమెయిల్ వచ్చింది. చిరునామాలో స్పెల్లింగ్ కాస్త తేడా, ఎవరూ గమనించలేదు. 4 కోట్ల 23 లక్షల డాలర్లు తూర్పు తైమూర్‌లోని బ్యాంకుకు వెళ్లిపోయాయి. నాలుగు రోజుల తర్వాత అసలు సరఫరాదారు ‘మా డబ్బేది’ అంటే బయటపడింది. సింగపూర్ పోలీసులు ఐ-గ్రిప్ ద్వారా తైమూర్ పోలీసులకు కబురు పెట్టారు. రెండు రోజుల్లో 3 కోట్ల 90 లక్షల డాలర్లు ఆగాయి, అక్కడి అరెస్టులతో ఇంకో 20 లక్షలకు పైగా దొరికాయి. ఇందులో కోర్టు లేఖలు లేవు, అప్పగింత ఒప్పందం లేదు. డబ్బు ఇంకా అకౌంట్‌లోనే ఉండగా కబురు చేరింది, అదొక్కటే.

మన బాధితుల్లో డబ్బు తిరిగి చూసినవాళ్లు దాదాపుగా ఈ దారిన చూసినవాళ్లే. నిందితుడు కంబోడియాలో దొరికాడా లేదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. హోల్డ్‌లో పడిన సొమ్మును తిరిగి ఇప్పించడానికి తెలంగాణలో లోక్ అదాలత్‌లను వాడుకోవడం మంచి పద్ధతి. మామూలు కోర్టు పిటిషన్‌తో పోలిస్తే బాధితుడికి తిప్పట తక్కువ.

సమాచారం: రంగురంగుల నోటీసులు

భారత్ ఇంటర్‌పోల్‌లో చేరింది 1949లో. దేశం తరఫున ఆ సంస్థతో మాట్లాడేది సీబీఐ ఒక్కటే. హైదరాబాద్ స్టేషన్‌లోని దర్యాప్తు అధికారి నేరుగా లియోన్‌కు రాయలేడు. ఫైలు కమిషనర్ లేదా ఎస్పీ స్థాయి నుంచి రాష్ట్రంలోని ఇంటర్‌పోల్ అనుసంధాన అధికారికి, అక్కడి నుంచి సీబీఐకి వెళ్లాలి. మొన్నమొన్నటి దాకా ఇదంతా ఉత్తరాలు, ఫ్యాక్సులు, ఈమెయిళ్ల మీద నడిచేది. 2025 జనవరిలో భారత్‌పోల్ పోర్టల్ వచ్చాక జిల్లా, కమిషనరేట్ స్థాయి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫైలు ఎక్కడుందో చూసుకోవచ్చు. దారి అదే, ఉత్తరం ఎదురుచూసే రోజులు తగ్గాయి.

ఇంటర్‌పోల్ సభ్య దేశాలకు పంపే నోటీసుల్లో జనానికి తెలిసింది ఎరుపు ఒక్కటే. అదే రెడ్ కార్నర్ నోటీసు, మనిషిని పట్టుకుని అప్పగింత దాకా ఉంచమని కోరేది. కానీ దర్యాప్తు మొదట్లో ఎక్కువ పనికొచ్చేది నీలం. మనిషి ఎక్కడున్నాడు, ఏ పేరుతో తిరుగుతున్నాడు అని ఆరా తీయడానికి అది. తప్పిపోయినవాళ్లకు పసుపు, గుర్తు తెలియని శవాలకు నలుపు. 2025 జనవరిలో ప్రయోగాత్మకంగా మొదలైన వెండి రంగు నోటీసు నిందితుడి ఆస్తుల జాడ కోసం. మొదటిది ఇటలీ అడిగింది, భారత్ కూడా ఈ ప్రయోగంలో ఉంది.

ఎరుపు నోటీసు కావాలంటే ముందు మన కోర్టు ఇచ్చిన అరెస్టు వారెంటు చేతిలో ఉండాలి. నేరానికి గరిష్ఠ శిక్ష కనీసం రెండేళ్లుండాలి. గుర్తింపు వివరాలు సరిపోవాలి, మన దగ్గర చిక్కు పడేది ఇక్కడే. తెలుగువాళ్ల ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో విడదీసి ఉంటుంది, ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న పేరునే నోటీసులో ఎక్కిస్తే విమానాశ్రయంలో పాస్‌పోర్టుతో కలవదు. పాస్‌పోర్టు నంబరు, అందులో ఉన్న అక్షరక్రమం, పుట్టిన తేదీ, ఫొటో, దొరికితే వేలిముద్రలు: ఇవి పాస్‌పోర్టు కార్యాలయం నుంచి తెప్పించుకుని పెట్టిన నోటీసుకూ, అవి లేని నోటీసుకూ చాలా తేడా.

ఇంకో మాట చెప్పాలి, చాలా ఇళ్లలో దీనిమీద ఆశలు పెట్టుకుంటారు కాబట్టి. ఎన్నారై అల్లుడి మీద వరకట్న వేధింపుల కేసు పెట్టి, రెడ్ కార్నర్ నోటీసు ఇప్పించమని అడుగుతారు. కుటుంబ, వ్యక్తిగత వివాదాల్లోంచి పుట్టిన కేసులకు ఎరుపు నోటీసు ఇవ్వకూడదన్నది ఇంటర్‌పోల్ నియమం. తీవ్రమైన నేరమైతే తప్ప ఇవ్వరు. ఇలాంటి కేసుల్లో లుక్ అవుట్ సర్క్యులర్ (ఫలానా మనిషి కనిపిస్తే ఆపమని మన ఇమిగ్రేషన్‌కు ఇచ్చే హెచ్చరిక), పాస్‌పోర్టు చట్టం 10(3) సెక్షన్ కింద పాస్‌పోర్టు స్వాధీనానికి చర్యలు ఎక్కువ ఫలితమిస్తాయి. రాజకీయ, సైనిక, మత, జాతి సంబంధమైన వ్యవహారాల్లో తలదూర్చకూడదని ఇంటర్‌పోల్ రాజ్యాంగం మూడో అధికరణం చెబుతుంది. దరఖాస్తులో ఆ వాసన తగిలితే వెనక్కొస్తుంది.

నోటీసు వేరు, అరెస్టు వేరు అన్నదానికి పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసంలో నిందితుడైన వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ కేసు చాలు. 2018లో ఆయన మీద ఎరుపు నోటీసు వచ్చింది. ఇంటర్‌పోల్ ఫైళ్లను సమీక్షించే కమిషన్ దాన్ని తీసేసినట్టు 2023 మార్చిలో బయటపడింది. కథ ముగిసిందని అందరూ అనుకున్నారు. 2025 ఏప్రిల్‌లో బెల్జియం పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు, నోటీసు లేకుండానే, భారత్ పంపిన అప్పగింత దరఖాస్తు మీద. అటువైపు అమెరికాలో ఒట్టి ఎరుపు నోటీసు చూపించి ఎవరినీ అరెస్టు చేయరు. గల్ఫ్ దేశాల్లో అదే నోటీసుతో విమానాశ్రయంలోనే ఆపేయవచ్చు. రంగు ఒకటే, బలం దేశాన్ని బట్టి.

సాక్ష్యం: ఫైళ్లు వెనక్కొచ్చేది ఇక్కడే

పోలీసు నుంచి పోలీసుకు వచ్చిన సమాచారం కోర్టులో సాక్ష్యం కాదు. ఈ ఒక్క ముక్క పట్టించుకోక ఎన్ని చార్జిషీట్లు బలహీనపడ్డాయో. థాయ్ పోలీసులు ఇంటర్‌పోల్ ద్వారా ‘ఈ అకౌంట్ ఫలానావాడిది’ అని చెబితే అది దర్యాప్తుకు దారి చూపుతుంది. దాన్ని నాంపల్లి కోర్టులో రుజువుగా పెట్టాలంటే అదే వివరం చట్టబద్ధమైన దారిలో మళ్లీ రావాలి.

మన ఇంజినీరు కేసులో మొదట కావాల్సింది ఆ వాట్సాప్ నంబర్లు, జీమెయిల్ ఖాతాల వివరాలు. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది, ఉన్న డేటాను చెరిపేయకుండా ఉంచమనడం. అమెరికా చట్టం ప్రకారం అలాంటి అభ్యర్థన మీద కంపెనీ 90 రోజులు దాచిపెడుతుంది, ఇంకో 90 రోజులు పొడిగించుకోవచ్చు. సీబీఐ ద్వారా నడిచే 24/7 నెట్‌వర్క్ ఉన్నది ఇలాంటి అత్యవసర అభ్యర్థనల కోసమే. రెండోది, ఖాతా ఎవరు తెరిచారు, ఏ ఐపీ చిరునామా నుంచి లాగిన్ అయ్యారు అన్న వివరాలు. వీటిని అమెరికా కంపెనీలు మన పోలీసు నోటీసుకే, తమ పోర్టల్ ద్వారా, తమ నిబంధనలకు లోబడి ఇస్తాయి. మూడోది, ఈమెయిళ్లలో ఏం రాసుకున్నారన్నది. అది కావాలంటే అమెరికా కోర్టు వారెంటు తప్పనిసరి. ప్రాణాపాయం లాంటి అత్యవసరాలకు మాత్రమే మినహాయింపు.

రెండో మెట్టు దగ్గరే జరిగే ఒక పొరపాటు చాలా ఖరీదైనది. కంపెనీ ఇచ్చే లాగిన్ సమయం సాధారణంగా యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. రాత్రి 8 గంటల 10 నిమిషాలు యూటీసీ అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 1 గంట 40 నిమిషాలు. తేదీ కూడా మారిపోయింది. అది చూసుకోకుండా మన టెలికాం కంపెనీని ‘ఆ రోజు రాత్రి 8.10కి ఈ ఐపీ ఎవరిది’ అని అడిగితే సంబంధం లేని మనిషి పేరు వస్తుంది. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ చిరునామాను ఒకే క్షణంలో వందలమంది వాడుతుంటారు, విడదీయాలంటే పోర్ట్ నంబరు కూడా ఉండాలి. ఐపీ, పోర్ట్, సెకన్లతో సహా సమయం, టైమ్ జోన్. నాలుగింట్లో ఒకటి లేకపోయినా ఆ చిట్టా ఉత్తదే.

మూడో మెట్టుకు రెండు పత్రాల్లో ఏదో ఒకటి కావాలి. ఒప్పందం ఉన్న దేశమైతే పరస్పర న్యాయ సహాయ అభ్యర్థన. లేదా మన కోర్టు ఇచ్చే లేఖ, అంటే పాత సీఆర్‌పీసీ 166ఏ, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 112. స్టేషన్లలో దాన్ని ఎల్ఆర్ (లెటర్ రోగటరీ) అంటారు. ముసాయిదా కమిషనరేట్ నుంచి రాష్ట్ర హోం శాఖకు, అక్కడి నుంచి కేంద్ర హోం శాఖలోని అంతర్గత భద్రత-2 విభాగానికి వెళుతుంది. ఈ విషయంలో దేశం మొత్తానికి కేంద్ర అధికార సంస్థ అదే. అక్కడ పరిశీలన అయ్యాక అవతలి దేశపు సంబంధిత శాఖకు, ఆ తర్వాత అక్కడి ప్రాసిక్యూటర్‌కు, అక్కడి కోర్టుకు. జవాబు అదే దారిలో వెనక్కి. ఇన్ని గుమ్మాలు దాటాలి కాబట్టి ఏడాది లోపు వస్తే త్వరగా వచ్చినట్టే.

వెనక్కొచ్చే కారణాలు మాత్రం మళ్లీ మళ్లీ అవే. అమెరికాతో మన ఒప్పందం 2001లో కుదిరి 2005లో అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ‘ఫలానా ఖాతా మొత్తం డేటా ఇవ్వగలరు’ అని రాసిన అభ్యర్థనలు వెళుతున్నాయి. అక్కడి జడ్జి అడిగేది ఒక్కటే: ఈ ఖాతాలో ఈ నేరానికి రుజువు ఉందని నమ్మడానికి ఆధారమేంటి? ‘నిందితుడు ఈ ఈమెయిల్ వాడుతున్నాడు’ అంటే చాలదు. ‘ఫలానా తేదీన బాధితుడికి ఈ ఖాతా నుంచి నకిలీ షేర్ల పత్రం వచ్చింది, ప్రతి జత చేశాం, దాని తర్వాత రెండు రోజుల్లో ఇంత మొత్తం ఈ అకౌంట్‌కు వెళ్లింది, కాబట్టి ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ఉన్న మెయిళ్లు కావాలి’ అని ఉండాలి. సెక్షన్ల నంబర్లు రాసి ఊరుకుంటే సరిపోదు, ఆ సెక్షన్ ఏం చెబుతుందో పూర్తి పాఠం జత చేయాలి. చాలా దేశాలు తమ దగ్గర కూడా అది నేరమేనా అని చూస్తాయి. సోషల్ మీడియాలో పరువు తీశారన్న కేసుల్లో అమెరికా నుంచి సాధారణంగా ఏమీ రాదు, అక్కడ అది చాలావరకు వాక్ స్వాతంత్ర్యం కిందికి వస్తుంది. థాయ్, ఖ్మేర్, అరబిక్ అనువాదం జత చేయకపోతే ఫైలు తెరవను కూడా తెరవరు.

అన్నీ సరిగ్గా వచ్చాక కూడా భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. అభ్యర్థనలోనే దాన్ని అడగకపోతే, ఒక్క కాగితం కోసం ఈ చక్రమంతా మళ్లీ తిరగాలి.

మనిషి

అప్పగింత వ్యవహారం హోం శాఖది కాదు, విదేశాంగ శాఖది. 1962 నాటి చట్టం, 48 దేశాలతో ఒప్పందాలు, మరో 12 దేశాలతో ఏర్పాట్లు. నేరం రెండు దేశాల్లోనూ నేరమై, సాధారణంగా ఏడాదికి తగ్గని శిక్ష పడేదై ఉండాలి. తొందరుంటే ముందు తాత్కాలిక అరెస్టు అడగొచ్చు. కానీ అమెరికా ఒప్పందం ప్రకారం అరెస్టయిన 60 రోజుల్లో పూర్తి పత్రాలు చేరకపోతే మనిషి బయటికొచ్చేస్తాడు. కాబట్టి పత్రాలు సిద్ధంగా పెట్టుకున్నాకే ఆ మాట ఎత్తాలి.

ఇందులో స్టేషన్ స్థాయిలో మరిచిపోయే సూత్రం ఒకటుంది. ఏ నేరానికి అప్పగించారో దానికే విచారించాలి. చిట్‌ఫండ్ పేరుతో ఊరంతా ముంచినవాడి మీద నగరంలో పది స్టేషన్లలో ఎఫ్‌ఐఆర్‌లుంటాయి. దరఖాస్తులో మూడే పెడితే మిగతా ఏడింటిలో అతన్ని ముట్టుకోవాలంటే అవతలి దేశపు అనుమతి మళ్లీ తెచ్చుకోవాలి.

కాలం సంగతి: ముంబై దాడుల కేసులో తహవ్వుర్ రాణాను భారత్ కోరిక మీద అమెరికాలో 2020లో అరెస్టు చేస్తే, ఢిల్లీ చేరింది 2025 ఏప్రిల్‌లో. విజయ్ మాల్యా 2016లో దేశం విడిచారు, అప్పగించవచ్చని లండన్ కోర్టు 2018 డిసెంబరులో చెప్పింది, 2020లో అప్పీళ్లు అయిపోయాయి, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. ఆయన కేసులో ముంబై ఆర్థర్ రోడ్ జైలు 12వ నంబరు బ్యారక్‌లోకి వెలుతురు ఎంత వస్తుందో చూపించడానికి మన ప్రభుత్వం వీడియో తీసి లండన్ కోర్టుకు పంపాల్సి వచ్చింది. జైలు గది కిటికీ కూడా సాక్ష్యమైపోయింది.

గల్ఫ్ నుంచి మనుషులు ఇంతకంటే త్వరగా రావడానికి కారణం చాలాసార్లు అప్పగింత కాదు, డిపోర్టేషన్. ఇక్కడ పాస్‌పోర్టు రద్దయితే అక్కడ వీసాకు విలువ పోతుంది, ఆ దేశం తన ఇమిగ్రేషన్ చట్టం కింద పంపించేస్తుంది. శంషాబాద్‌లో దిగగానే లుక్ అవుట్ సర్క్యులర్ చూసి ఇమిగ్రేషన్‌వాళ్లు పోలీసులకు అప్పజెబుతారు. కానీ ఇది ఆ దేశం ఇష్టం, మనం హక్కుగా అడిగేది కాదు. లుక్ అవుట్ సర్క్యులర్ అసలు పని మనిషిని వెళ్లకుండా ఆపడం. ఎఫ్‌ఐఆర్ అయిన రోజే దానికి రాయకుండా వారం ఆగితే, పైన చెప్పిన ఐదేళ్ల ప్రయాణాన్ని మనమే మొదలుపెట్టినట్టు.

మన చుట్టుపక్కల పరిస్థితి

యూరోపియన్ యూనియన్‌లో 2004 నుంచి ఒక దేశపు జడ్జి ఇచ్చిన వారెంటు ఇంకో దేశపు జడ్జి దగ్గరికి నేరుగా వెళుతుంది. మధ్యలో మంత్రిత్వ శాఖలు లేవు. అరెస్టయ్యాక నిర్ణయానికి గడువు 60 రోజులు, మనిషి ఒప్పుకుంటే 10 రోజులు. 32 రకాల తీవ్ర నేరాలకు ‘మా దగ్గర కూడా నేరమేనా’ అన్న ప్రశ్నే వేయరు.

దక్షిణాసియాలో కాగితాలకు కొదవ లేదు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ మాదకద్రవ్యాల విభాగం 1992లో, ఉగ్రవాద విభాగం 1995లో కొలంబోలో మొదలయ్యాయి. న్యాయ సహాయంపై 2008లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2014 కఠ్మాండూ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి బిమ్స్‌టెక్ ఉగ్రవాదం, వ్యవస్థీకృత నేరాల ఒప్పందం మీద 2009లో సంతకాలయితే అమల్లోకి వచ్చింది 2021లో. పైగా మన సైబర్ మోసాలు పుట్టే చోట్లలో మయన్మార్, థాయ్‌లాండ్ బిమ్స్‌టెక్‌లో ఉన్నాయి గానీ, కంబోడియా, లావోస్ లేవు.

మయన్మార్‌లోనూ అసలు చిక్కు ఒప్పందం కాదు. థాయ్ సరిహద్దు పట్టణం మియావడీ చుట్టుపక్కల మోసాల కేంద్రాలున్న నేల మీద సైనిక ప్రభుత్వం పట్టు అంతంతే, పెత్తనం సాయుధ దళాలది. ఎవరికి రాయాలి? ఒప్పందాలన్నీ అవతలివైపు పోలీసు స్టేషన్ ఉన్న ప్రభుత్వం ఉందన్న నమ్మకం మీద రాసుకున్నవి. అందుకే అక్కడ పనిచేసింది వేరే రకం ఒత్తిడి. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ మయన్మార్ వైపున్న సరిహద్దు పట్టణాలకు కరెంటు ఆపేసింది. మార్చిలో థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మంది భారతీయులు తిరిగొచ్చారు, వాళ్లలో తెలుగు రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు.

వచ్చినవాళ్లను ఏమనాలి? డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్లి, పాస్‌పోర్టు లాక్కుంటే, కొడితే, మనవాళ్లకే ఫోన్లు చేసి మోసగించినవాడు బాధితుడా, నిందితుడా? భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి ఇక్కడ విచారణ జరపాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 208 ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. పోలీసులకు గట్టి కేసు దొరికేది పంపిన ఏజెంటు మీద. అతను ఇక్కడే ఉంటాడు, కమీషన్ ఇక్కడే అందింది, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండదు. వచ్చినవాడి దగ్గర ఆ ఏజెంటుతో జరిగిన వాట్సాప్ మాటలు, విమాన టికెట్ ఎవరు కొన్నారన్నది, కాంపౌండ్‌లో వాడిన పేర్లు ఉంటాయి. ఇంటికి చేరిన ఉత్సాహంలో ఫోన్ ఫార్మాట్ చేయకముందే వాటిని తీసుకోవాలి. ఒక గుర్తు: 2024 జులైలో థాయ్‌లాండ్ భారతీయులను 60 రోజులు వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది. ‘వీసా అక్కర్లేదు, అక్కడికెళ్లాక వర్క్ పర్మిట్’ అన్న ఏజెంటు మాటకు బలం వచ్చింది అందుకే.

బంగ్లాదేశ్ నుంచి అమ్మాయిల్ని తెచ్చి హైదరాబాద్‌లో వ్యభిచారంలోకి దింపిన ముఠాల కేసుల్లో తిరకాసు ఇంకో రకం. ఎన్‌ఐఏ కూడా దర్యాప్తు చేసిన వ్యవహారం ఇది. మనుషుల అక్రమ రవాణాపై రెండు దేశాల మధ్య 2015లో అవగాహన కుదిరింది. రక్షించిన అమ్మాయి ఫలానా ఊరిదేనని వాళ్ల దేశం నిర్ధారించాలి, దానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆమె షెల్టర్ హోంలో ఉండాలి. పంపించేశాక విచారణ మొదలవుతుంది, ప్రధాన సాక్షి సరిహద్దు అవతల ఉంటుంది. కాబట్టి ఆమె ఇక్కడున్నప్పుడే మెజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద వాంగ్మూలం నమోదు చేయించాలి, బెంగాలీ తెలిసిన అనువాదకుడితో. ఆమె మాట్లాడే యాస అనువాదకుడికి అర్థం కావాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేది దాన్నే. తర్వాత వీడియో ద్వారా సాక్ష్యం చెప్పించడానికి ఆమె చిరునామా, అక్కడ ఆమెను చూసుకునే సంస్థ వివరాలు ఫైల్లో ఉండాలి.

తిరగబడిన కేసు

ఇప్పటిదాకా అడిగేది మనం. మాదాపూర్, హైటెక్ సిటీ వైపు ఆఫీసు అద్దెకు తీసుకుని, రాత్రి పూట అమెరికన్లకు ఫోన్ చేసి ‘మీ బ్యాంకు అకౌంట్ హ్యాక్ అయింది’ అనే నకిలీ కాల్‌సెంటర్లను పట్టుకున్నప్పుడు సాయం అడగాల్సిన బాధితులు అమెరికాలో ఉంటారు. దాడి ఘనంగానే జరుగుతుంది, కంప్యూటర్లు, హెడ్‌సెట్లు బల్ల మీద పేర్చి ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత కేసు నీరసపడుతుంది, ఎందుకంటే ఫిర్యాదుదారు ఎవరూ లేరు. పోలీసులు తమంతట తాము పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని విదేశీయులు’ అని ఉంటే బెయిల్ రావడానికి ఎన్నో రోజులు పట్టదు.

దీనికి మందు దాడికి ముందే ఉంది. ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఎఫ్‌బీఐ ప్రతినిధి ఉంటారు. సీబీఐ ద్వారా ముందే మాట్లాడుకుంటే, అదే కాల్‌సెంటర్ నంబర్ల మీద అమెరికాలో నమోదైన ఫిర్యాదుల జాబితా వస్తుంది. అందులోంచి మాట్లాడగలిగిన, డబ్బు లావాదేవీ రుజువున్న ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, వాళ్ల వాంగ్మూలం కోసం బీఎన్‌ఎస్‌ఎస్ 112 లేఖను దాడి జరిగిన వారంలోనే కోర్టులో పెట్టాలి. స్వాధీనం చేసుకున్న హార్డ్‌డిస్కుల హ్యాష్ విలువ (అందులోని డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) పంచనామాలోనే, అక్కడికక్కడే రాయాలి. స్టేషన్‌కు తెచ్చాక తెరిచి చూసి రాస్తే, మధ్యలో ఏం మారిందో అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. బాధితుల్లో చాలామంది వృద్ధులు. మన కోర్టు సాక్షులను పిలిచేసరికి మూడేళ్లు దాటితే, వీడియోలో అటువైపు కూర్చునేవాళ్లు మిగలకపోవచ్చు.